పిలువక వచ్చు కిణ్వము



పెరుగునకు తోడు కావలెను. ఇడ్లీపిండికి అక్కఱలేదు, రుబ్బి మూతపెట్టిన ఉదయమునకు తానే పొంగును. ఈ భేదము తెలిసినచో నేటి ప్రసంగవిషయము సులభముగా బోధపడును.

ధాన్యరసమును మద్యముగా మార్చు పదార్థమునకు మన పెద్దలు కిణ్వమని పేరిడిరి. మినుములును బియ్యమును కలిపి దానిని కూర్చు విధము కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్ష ప్రకరణమునందు కలదు. నేటి పెద్ద బీరు కర్మాగారములును తమకు వలసిన కిణ్వమును వేఱుగా పెంచి రసములో వేయుచున్నవి. బెల్జియము దేశమున బ్రస్సెల్సు నగరమునందును, దాని చెంత సెన్ నదీలోయయందును 'లాంబిక్' అను బీరు చేయువారు మాత్రము ఏమియు వేయరు.

మొలకెత్తించి యెండించిన యవలను, పచ్చి గోధుమలను వేడినీట కలిపి రసము తీయుదురు. పాతబడిన హాప్ పువ్వులతో దానిని చాలసేపు కాచి, పైకప్పు క్రింద లోతులేని వెడల్పాటి తొట్టిలో ఒక రాత్రి చల్లార్తురు. గాలిలోని సూక్ష్మజీవులు అందు వ్రాలును. పిమ్మట కొయ్యపీపాలలో నింపి మూడేండ్లవఱకు నుంతురు. లేతదానిని ముదురుదానిని కలిపి సీసాలలో బిగించినచో 'గ్యూజ్' అగును. చెఱ్రీపండ్లు నానవేసినచో 'క్రీక్' అగును. పండ్లకు మూగు ఈగలను పట్టునని అచట సాలెగూళ్లను సైతము దులుపరు.

త్వరగా తయారగు తియ్యని బీరులు ప్రబలగా, 20వ శతాబ్దమున ఇట్టి పనిశాలలు పెక్కు మూతపడెను. 1900లో వెలసిన కాంటియాన్ వారు 1978లో తమ పనిశాలనే ప్రదర్శనశాలగా తెఱచిరి. 1997లో లాంబిక్ చేయువారు హోరల్ అను సంఘముగా నేర్పడిరి. 2016లో యునెస్కో బెల్జియము బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను.

ఇప్పుడు అన్యదేశములందలి చిన్న పనిశాలలవారును ఈ మార్గము పట్టుచున్నారు. అమెరికాలో మేన్ రాష్ట్రపు అలగాష్ వారు 2007లో అట్టి తొట్టినే కట్టించిరి. అయినను తమ బీరును లాంబిక్ అనలేదు. ఆ తొట్టి పేరితోనే పిలిచిరి. గాలి వేఱైనప్పుడు పేరును వేఱుగా నుండుట న్యాయమే కదా!

ఈ పని చలిరాత్రులయందే సాగును. రాత్రి వేడిగా నున్నచో రసమును చెఱచు క్రిములు హెచ్చును. భూమి వేడెక్కుచుండుటచే తమకు పనిదినములు తగ్గుచున్నవని కాంటియాన్ వారు చెప్పియున్నారు.

నేను ఆ పానీయపు రుచి యెఱుగను. త్రాగుడని చెప్పుటయు నా యుద్దేశము కాదు. చేయు విధమును పుస్తకమున వ్రాసి దాచవచ్చును. చల్లని రాత్రిని దాచుట యెట్లు?