టైరు పాలిష్ కొనేముందు టైరు మీద తేదీ చూడండి: పలాస, టెక్కలి, ఉద్దానం రైతులకు సూచనలు

జీడిమామిడిలో కాండం తొలుచు పురుగు గురించో, టీ దోమ గురించో రాయవలసిన చోట టైర్ల పాలిష్ గురించి రాస్తున్నానేమిటని మీకు అనిపించవచ్చు. దానికి కారణం ఉంది. జీడి పిక్కల డబ్బు చేతికి వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మన ప్రాంతంలో చాలామంది పాత ట్రాక్టరో, పాత ఆటోనో, పాత కారో కొంటారు. బేరానికి పెట్టిన బండికి ముందుగా జరిగే అలంకారం టైర్లకే. నల్లగా నిగనిగలాడే టైరు చూసి బండి మొత్తం బాగుందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒక పాత కారు కొన్నాను. అమ్మినాయన తెలిసినవాడే. టైర్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. చేత్తో తడిమితే వేళ్లకు జిడ్డు అంటింది, అయినా పట్టించుకోలేదు. మే నెల మధ్యాహ్నం టెక్కలి నుంచి పలాస వస్తుంటే 16వ నంబరు జాతీయ రహదారి మీద వెనక ఎడమ టైరు పేలింది. కారులో నా భార్య, మా అత్తగారు ఉన్నారు. బండి రోడ్డు దిగి మట్టిలో ఆగింది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బలు తగల్లేదు. స్టెప్నీ మార్చడానికి వచ్చిన పంచర్ షాపు కుర్రాడు మిగతా టైర్లను తడిగుడ్డతో రుద్ది చూపించాడు. పాలిష్ కింద సన్నటి పగుళ్లు, వేసవిలో చెరువు మట్టి బీటలు తీసినట్టు. "ఏటి సార్, విత్తనం సంచి మీద తేదీ చూసి కొనమని మాకు చెప్తారు. టైరు మీద తేదీ మీరు చూసుకోలేదేటి?" అన్నాడు. ఆ టైర్లు తయారై అప్పటికి తొమ్మిదేళ్లు.

టైరు మీద కూడా తేదీ ఉంటుంది

కారు, మోటారు సైకిల్ టైరు పక్క భాగంలో చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో, అంటే జూన్ నెలలో తయారైందని అర్థం. ఈ అంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. బయటి వైపు కనబడకపోతే బండి కిందికి వంగి లోపలి వైపు చూడాలి. అమ్మేవారు తొందర పెట్టినా సరే చూడాలి. ఐదారేళ్లు దాటిన టైరు గ్రిప్పు బాగానే ఉన్నా జాగ్రత్తగా పరీక్షించుకోవాలి. పదేళ్ల టైరును అసలు నమ్మరాదు. సగం రోజులు చెట్టుకింద నిలబడి ఉండే బండికి గ్రిప్పు అరగదు, కానీ రబ్బరు ముసలిదైపోతుంది. పల్లెల్లో కార్లకు జరిగేది ఎక్కువగా ఇదే.

టైరు ఎందుకు పగులుతుందో తెలిస్తే పాలిష్ ఏం చేయగలదో, ఏం చేయలేదో మీకే తెలుస్తుంది. రబ్బరు సహజంగా నల్లగా ఉండదు. వందేళ్లకు పూర్వం టైర్లు తెలుపు, బూడిద రంగుల్లో ఉండేవి. మసి వంటి కార్బన్ పొడి కలిపితే రబ్బరు గట్టిపడుతుందని, అరుగుదల తగ్గుతుందని కనుక్కున్నాక నల్లబడ్డాయి. గాలిలో కొద్దిపాటి ఓజోన్ వాయువు ఎప్పుడూ ఉంటుంది. అది బరువుకు సాగి ఉన్న రబ్బరును కొరుకుతుంది. ఎండ దానికి తోడవుతుంది. అందుకే కంపెనీవారు రబ్బరులో మైనం, ఓజోన్‌ను ఆపే మందు కలుపుతారు. బండి తిరుగుతున్నప్పుడు టైరు వంగి లేస్తూ ఉంటే ఇవి లోపలి నుంచి కొద్దికొద్దిగా పైకి వచ్చి పొరలా నిలుస్తాయి. పాత టైరు మీద గోధుమ రంగు మరక కనిపించేది చాలావరకు ఈ మందే. అది మురికి అనుకుని కిరోసిన్ పెట్టి రుద్దేవారిని చూశాను. పంటకు కొట్టిన మందును మనమే కడిగేసుకోవడం లాంటిది ఇది.

పాలిష్ ఈ పొరకు సాయం చేస్తుందా, చెరుపుతుందా అన్నదే అసలు ప్రశ్న. అది పాలిష్ రకాన్ని బట్టి ఉంటుంది.

ఏ పాలిష్ కొనాలి

బజారులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నీటి ఆధారిత పాలిష్. పాలలా తెల్లగా ఉంటుంది, ఘాటు వాసన ఉండదు. ఇందులో సిలికాన్ నూనెను నీటిలో కలిపి ఉంచుతారు. సిలికాన్ నూనె రబ్బరును ఉబ్బించదు, మెత్తబరచదు. మెరుపు మరీ ఎక్కువ రాదు, కొత్త టైరు నలుపు వస్తుంది. ఒకటి రెండు వానలకు పోతుంది. రెండోది పెట్రోలియం ద్రావకంతో చేసినది. నీళ్లలా తేటగా ఉంటుంది, మూత తీయగానే పెట్రోలు, కిరోసిన్ వాసన కొడుతుంది, డబ్బా మీద మంట బొమ్మ ఉంటుంది. అద్దంలా మెరుస్తుంది, వానకు త్వరగా పోదు. అంగడివాడు సాధారణంగా దీన్నే పొగుడుతాడు. కానీ ఆ ద్రావకం టైరు పైకి వచ్చిన మైనాన్ని కరిగించుకుపోతుంది. నెలల తరబడి పూస్తే రబ్బరు ఎండిపోయి పగుళ్లు తొందరగా వస్తాయి. జిడ్డుగా ఉంటుంది కాబట్టి మన ఇసుక దారుల్లో వజ్రపుకొత్తూరు వెళ్లి వచ్చేసరికి టైరు నలుపు పోయి దుమ్ము రంగు మిగులుతుంది.

కాబట్టి కొనదలచుకుంటే నీటి ఆధారితం అని రాసి ఉన్న తెల్లటి ద్రవమో, జెల్లో చిన్న సీసా కొనండి. స్ప్రే డబ్బా వద్దంటాను. సముద్రపు గాలికి సగం మందు టైరు మీద పడదు, పడకూడని బ్రేకు డిస్కు మీద పడుతుంది. పైగా ఆ డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ప్రమాదం. 50 డిగ్రీల వేడి దాటే చోట ఉంచరాదని దాని మీదే రాసి ఉంటుంది.

గ్లిజరిన్ ఒక వంతు, నీళ్లు రెండు వంతులు కలిపి పూయవచ్చా అని కొందరు అడిగారు. పూయవచ్చు, రబ్బరుకు హాని లేదు. ఒక చినుకు పడితే పోతుంది, అంతే. పెళ్లి బండికి ఒక పూట కావాలంటే అది చాలు.

ఇవి పూయరాదు

దసరాకు ఆయుధపూజ ముందు, సంక్రాంతి ముందు మన ఊళ్లలో ట్రాక్టర్లు కడిగి ఇంజన్లోంచి దించిన నల్ల ఆయిల్ టైర్లకు పూయడం ఉంది. దయచేసి మానండి. ట్రాక్టరు, లారీ టైర్లలో సహజ రబ్బరు పాలు ఎక్కువ. ఆయిల్, డీజిల్, కిరోసిన్ తగిలితే అది ఉబ్బి మెత్తబడుతుంది. మొదట నల్లగా నిగనిగలాడుతుంది, తర్వాత గ్రిప్పు ముక్కలుగా ఊడుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో చర్మానికి క్యాన్సర్ తెచ్చే పదార్థాలు కూడా ఉంటాయి. దాన్ని చేత్తో పూయించేది ఎక్కువగా ఇంట్లో పిల్లల చేత. ఆ తర్వాత బండిని చెరువు గట్టున కడుగుతాం. నీళ్ల గురించి ఇంత భయపడే ఉద్దానంలో మనమే చెరువులోకి ఆయిల్ పంపడం ఏం న్యాయం? దించిన ఆయిల్‌ను డబ్బాలో పోసి మెకానిక్ షెడ్డుకే తిరిగి ఇవ్వండి. పాత ఆయిల్ కొనేవారు అక్కడికి వస్తారు.

కొబ్బరి నూనె కూడా నూనే. ఇంట్లో ఉంది కదా అని పూయవద్దు. మందస వైపు ఒక రైతు జీడి నూనె పూస్తే ఎలా ఉంటుందని అడిగాడు. పడవలకు, దూలాలకు చెదలు పట్టకుండా పూస్తాం కదా, టైరుకు ఎందుకు కూడదు అన్నది ఆయన వాదన. పిక్కల బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల చేతులు చూస్తే జవాబు దొరుకుతుంది. చర్మం పొక్కిపోతుంది. టైరు మీద అది జిగటగా పట్టి ఇసుకంతా అంటుకుంటుంది.

నేల తగిలే చోట ఏదీ పూయరాదు

ఈ ఒక్క మాట మరచిపోవద్దు. ఎంత మంచి పాలిష్ అయినా టైరు పక్క భాగానికే. నేలను పట్టుకునే గ్రిప్పు మీద పూస్తే బ్రేకు వేసినప్పుడు బండి జారుతుంది. మోటారు సైకిల్‌కైతే పక్క భాగానికి కూడా వద్దు. మలుపులో బండి వాలినప్పుడు టైరు అంచు నేలకు తగులుతుంది. సర్వీసింగు నుంచి మెరిసే టైర్లతో వచ్చిన బండి మీద, మొదటి మలుపులోనే జారి చెయ్యి విరగ్గొట్టుకున్న యువ రైతును నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. బండి సర్వీసింగుకు ఇచ్చినప్పుడు "టైర్లకు ఏమీ పూయవద్దు" అని ముందే చెప్పండి. ట్రాక్టరులో క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరుకు, ఎక్కే మెట్టుకు కూడా పాలిష్ పూయరాదు. తడి కాలితో ఎక్కితే కాలు జారుతుంది.

పూసే విధానం పెద్దదేమీ కాదు. బండి నీడలో ఉండాలి, టైరు చల్లబడి ఉండాలి. కొబ్బరి పీచు, సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి. మనకు పీచుకు కొదవ లేదు కదా. వైరు బ్రష్ వాడరాదు. పూర్తిగా ఆరాక పాలిష్‌ను స్పాంజి మీద కొద్దిగా వేసుకుని పక్క భాగమంతా పలచగా పూయాలి. పావుగంట ఆగి, మిగిలిన తడిని పొడి గుడ్డతో తుడవాలి. తుడవకుండా బండి నడిపితే చక్రం తిరిగే వేగానికి చుక్కలు ఎగిరి బాడీ మీద పడతాయి, గ్రిప్పు మీదికీ పాకుతాయి. పూజకు టైరుకు పెట్టే పసుపు, కుంకుమ వల్ల ఏ హానీ లేదు. నిశ్చింతగా పెట్టుకోండి.

నిజం చెప్పాలంటే సబ్బు నీళ్లతో కడిగితేనే చాలు. టైరు ఆయుష్షు పెరిగేది పాలిష్ వల్ల కాదు, గాలి వల్ల. గాలి తక్కువైన టైరు పక్క భాగం అతిగా వంగి లోపల వేడెక్కుతుంది. మే నెల ఎండలో, నిండా మనుషులతో, రహదారి వేగంలో పేలేవి ఇలాంటివే. నా కారుకు వయసుతో పాటు గాలి కూడా తక్కువే ఉంది. కారుకు ఎంత గాలి పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే అక్కడ అంటించిన కాగితం మీద ఉంటుంది. ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ట్రాక్టరు వెనక టైర్లకు దుక్కిలో 12 నుంచి 14 పి.ఎస్.ఐ. సరిపోతుంది. ట్రాలీతో రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినంత పెంచాలి. పాలిష్ కోసం ఏడాదికి పెట్టే ఖర్చుతో ఒక గాలి గేజి వస్తుంది. నలుగురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరే.

టెక్కలి గ్రానైట్ క్వారీల వైపు తిరిగే బండ్లకు ఇంకో సంగతి. అక్కడి రాయి ముక్కలు కత్తుల్లాంటివి. గ్రిప్పు సందుల్లో ఇరుక్కున్న ముక్కలను వారానికోసారి స్క్రూడ్రైవరుతో తీసేయాలి. పక్క భాగంలో కోత పడి లోపలి దారాలు కనిపిస్తే అతుకు వేయించి నడపరాదు, టైరు మార్చాలి.

పాత బండి కొనేటప్పుడు

ఒక సీసాలో సబ్బు నీళ్లు, ఒక గుడ్డ వెంట తీసుకెళ్లండి. సిగ్గుపడవద్దు. ఎద్దును కొనేముందు పళ్లు చూడమా? నాలుగు టైర్ల పక్క భాగాలూ, స్టెప్నీ కూడా రుద్ది తుడవండి. పాలిష్ పోయాక పగుళ్లు, ఉబ్బులు, అతుకులు చూడండి. గోరు దూరేంత పగులు ఉన్నా, పక్కన బుడిపె ఉన్నా ఆ టైరు వెల సున్నా అనుకుని బేరం ఆడండి. గ్రిప్పు గాళ్లలో అక్కడక్కడ చిన్న అడ్డుగట్లు ఉంటాయి. కారు టైరులో వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గ్రిప్పు వాటితో సమానంగా అరిగితే టైరు పనైపోయినట్టే. గాళ్లను కత్తితో లోతుగా చెక్కి కొత్తదిలా చూపించడం కూడా ఉంది. అలాంటి గాళ్ల అంచులు వంకరగా ఉంటాయి, అడ్డుగట్లు కనబడవు. ట్రాక్టరు వెనక టైరు రీబటన్ చేసినదైతే అతుకు గీత టైరు చుట్టూ కనిపిస్తుంది. దుక్కికి పనికొస్తుంది, కొత్త టైరు ధర మాత్రం ఇవ్వకండి.

పని లేని నెలల్లో ట్రాక్టరును ఎండలో వదిలేస్తే మాత్రం ఏ పాలిష్ కాపాడదు. పశ్చిమ ఎండ తగలని చోట నిలపాలి. నీడ లేకపోతే టైర్లకు గోనె సంచులో, తాటాకు తడికలో అడ్డం పెట్టాలి. ఎరువుల బస్తాలను, డీజిల్ డబ్బాలను టైరుకు ఆనించి పెట్టరాదు. వెల్డింగు చేసే చోట, కరెంటు మోటారు తిరిగే చోట ఓజోన్ ఎక్కువగా పుడుతుంది కాబట్టి బండిని దూరంగా ఉంచాలి. నెలకోసారి స్టార్టు చేసి నాలుగు గజాలు ముందుకు జరిపి ఆపండి. బరువు వేరే చోట పడుతుంది, లోపలి మైనం కొంత పైకి వస్తుంది.