వార్తల్లో పదం: అడ్రినల్ సప్రెషన్

స్టెరాయిడ్ల వాడకంపై వచ్చే ఆరోగ్య వార్తల్లో కనిపించే పదమిది. బయటి నుంచి స్టెరాయిడ్ చాలాకాలం అందుతుంటే, మూత్రపిండాలపైన ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ హార్మోన్ తయారీని తగ్గించేస్తాయి. అదే అడ్రినల్ సప్రెషన్.

రక్తంలో స్టెరాయిడ్ సరిపడా ఉంటే, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి అడ్రినల్‌కు సంకేతాలు తగ్గిస్తుంది. పని లేక అడ్రినల్ కుంచించుకుపోతుంది. ఆ స్థితిలో మందు హఠాత్తుగా ఆపినా, పెద్ద జ్వరమో ఆపరేషనో వచ్చినా శరీరానికి కావలసిన కార్టిసాల్ అందదు. నీరసం, వికారం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా.

మాంగనీసు గనులున్న చీపురుపల్లి, గరివిడి వైపు దుమ్ముకు తుమ్ములు, ముక్కు దిబ్బడతో స్టెరాయిడ్ ముక్కు స్ప్రే వాడేవారు బెంబేలెత్తాలా? అక్కర్లేదు. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ స్ప్రేలు చెప్పిన మోతాదులో కొడితే రక్తంలోకి చేరేది నూటికి 2 పాళ్లలోపే. బీటామెథాసోన్ చుక్కల మందు మాత్రం అంతకంటే బాగా ఎక్కువగా చేరుతుంది. ఆస్తమా ఇన్‌హేలర్, స్టెరాయిడ్ క్రీము తోడైతే మొత్తం మోతాదు పెరుగుతుంది.

ఎక్కువమందికి తెలియని ప్రమాదం ఒకటుంది. తామరకు మన దగ్గర తరచూ రాసే ఇట్రాకొనజోల్, హెచ్‌ఐవీ మందు రిటోనవిర్ కాలేయంలో ఫ్లూటికాసోన్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడతాయి. అప్పుడు మామూలు స్ప్రే మోతాదుకే ముఖం ఉబ్బడం, బరువు పెరగడం, అడ్రినల్ మందగించడం జరగవచ్చు.

అనుమానముంటే ఉదయం 8 గంటల ప్రాంతంలో చేసే కార్టిసాల్ రక్తపరీక్ష తోవ చూపుతుంది. నెలల తరబడి స్ప్రే వాడే పిల్లల ఎత్తును అప్పుడప్పుడు కొలిపించండి. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. స్ప్రేని సొంతంగా పెంచొద్దు, ఆపొద్దు.