చందా, స్క్రీన్‌షాట్, రచయిత శ్రమ

ఈమధ్య మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులోకి చందాదారులకు మాత్రమే ఉద్దేశించిన ఒక కథ పదకొండు స్క్రీన్‌షాట్లుగా వచ్చింది. చదివాను. బాగుందని ఇద్దరు మిత్రులకు నేనూ పంపాను. ఆ రచయితకు రాతే జీవనాధారమని తరువాత తెలిసింది.

సాహిత్యం ప్రజల సొత్తని మనమంటాం. నిజమే. అయితే చేనేత కార్మికుడి కూలి గురించి వ్యాసాలు రాసే మనం, కథకుడి కూలి దగ్గరికొచ్చేసరికి ఎందుకింత ఉదారులమవుతున్నాం?

1957 నాటి కాపీరైట్ చట్టం చదువరికి తలుపులు మూసెయ్యలేదు. సొంత అధ్యయనానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ అనుమతిస్తుంది. బోధనకూ అందులో చోటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఫొటోకాపీల కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ చోటునే సమర్థించింది.

కనుక ఒక పేరాను రచయిత పేరుతో ఉటంకించి విమర్శ రాయడం వేరు, మొత్తం కథను గ్రూపులో వదలడం వేరు. మొదటిది కథకు పాఠకుల్ని తెస్తుంది. రెండోది చందా కట్టే అవసరాన్నే తీసేస్తుంది. నష్టం యాజమాన్యానికే కదా అంటాం. చందాలో వాటా మీద బతికే రచయితకు ఆ దెబ్బ ముందు తగులుతుందని గమనించం.

మరి చందా కట్టలేని విద్యార్థి మాటేమిటి? అతనికి గ్రంథాలయం కావాలి, తక్కువ చందా కావాలి. వాటికోసం పోరాడవలసింది మనమే. ఆ ఖర్చును ఒక్క రచయిత నెత్తిన వేయడం న్యాయం కాదు.

నేను చందా కట్టాను. మిత్రులకూ సంగతి చెప్పాను.