ఊయల పడక కట్టు

ఊయల పడక కట్టు అనగా రెండు చెట్ల నడుమ గాని, రెండు స్తంభాల నడుమ గాని వేలాడే గుడ్డ పడకను పట్టి ఉంచే తాళ్ళు, పట్టీలు, కొక్కేలు, ముడుల సముదాయము. ఈ పడకను ఆంగ్లంలో హేమక్ అంటారు. అడవులలో విడిది చేసేవారు నేల తేమ, చీమలు, తేళ్ళు తగలకుండా నిద్రించుటకు దీనిని వాడుతారు. బరువైన వ్యక్తులు కట్టును ఎంచుకొనేటప్పుడు తాడు లావును మాత్రమే చూస్తే చాలదు. తాడు వాలు, ముడి, చెట్టు, ఈ మూడింటినీ కూడా చూడవలెను.

పేరు, చరిత్ర

హేమక్ అనే మాట కరీబియన్ దీవుల ఆదివాసులైన టైనోల భాష నుండి స్పానిష్ ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. 1492లో బహామా దీవులను చేరిన కొలంబస్ బృందం అక్కడివారు నూలు వలలలో నిద్రించుట చూసింది. తరువాతి కాలంలో ఐరోపా నావికులు ఓడలలో దీనిని పడకగా వాడారు.

తొట్టెలకు, ఊయల పడకకు భేదము

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో పసిపిల్లల ఊయలను తొట్టెల అంటారు. పాత పెంకుటిళ్ళలో చీరను దూలానికి కట్టి తొట్టెల వేసేవారు. చీర రెండు కొసలూ పైనున్న దూలానికి దాదాపు నిలువుగా పోతాయి కనుక ఒక్కొక్క కొసపై శిశువు బరువులో సుమారు సగమే పడుతుంది. ఊయల పడక తాళ్ళు అలా కాక, పక్కలకు ఏటవాలుగా పోతాయి. అవి బరువును పైకి మోయటమే కాక చెట్లను ఒకదానివైపు ఒకటి లాగుతాయి. ఈ కారణంగా తొట్టెల కట్టిన అనుభవంతో పెద్దల పడకను కట్టరాదు.

బలాల లెక్క

మనిషి పడుకొన్నప్పుడు తాడుకు, భూమికి సమాంతరమైన గీతకు నడుమ ఉండే కోణమే ఇక్కడ ముఖ్యము. మొత్తం బరువును ఆ కోణపు సైను విలువకు రెట్టింపుతో భాగిస్తే ఒక్కొక్క తాడుపై పడే లాగుడు వస్తుంది. 100 కిలోల బరువుకు ఒక్కొక్క తాడుపై పడే లాగుడు సుమారుగా ఇలా ఉంటుంది:

45 డిగ్రీలు - 71 కిలోలు
30 డిగ్రీలు - 100 కిలోలు
20 డిగ్రీలు - 146 కిలోలు
10 డిగ్రీలు - 288 కిలోలు
5 డిగ్రీలు - 574 కిలోలు

తాడును ఎంత బిగించి కడితే పడక అంత భద్రమనేది అపోహ అని దీనివలన తెలుస్తుంది. 120 కిలోల వ్యక్తి 30 డిగ్రీల వాలులో పడుకొంటే ఒక్కొక్క తాడుపై 120 కిలోలే పడుతాయి. 60 కిలోల వ్యక్తి 10 డిగ్రీల వాలులో పడుకొంటే 173 కిలోలు పడుతాయి.

కోణమానిని లేకున్నా 30 డిగ్రీలను గుర్తించవచ్చును. పడక కొస నుండి చెట్టు వరకు తాడు 2 మీటర్లుంటే, చెట్టుపై కట్టు పడక కొస కంటె 1 మీటరు ఎత్తున ఉండవలెను. అనగా తాడు పొడవులో సగము ఎత్తు. మనిషి ఎక్కిన తరువాత తాడు సాగుతుంది కనుక అప్పుడు మరొకసారి చూచుకోవలెను.

ఎంత బలమైన కట్టు కావలెను

నెమ్మదిగా కాక ఒక్కసారిగా కూర్చుంటే తాడుపై లాగుడు సుమారు రెట్టింపవుతుంది. అందువలన తాడు తెగే బలము, దానిపై పడే లాగుడుకు 5 రెట్లయినా ఉండుట మంచిది. ఉదాహరణకు వ్యక్తి 110 కిలోలు, పడక, దుప్పట్లు 10 కిలోలు అయితే 30 డిగ్రీల వద్ద లాగుడు 120 కిలోలు. తాడుకు 600 కిలోల బలము కావలెను. ముడి వేసినచోట తాడు తన బలంలో సగం వరకు కోల్పోవచ్చును కనుక ముడివేసే తాడుకు 1,200 కిలోల బలము చూడవలెను.

అమ్మకపు చీటీపై తెగే బలము, వాడదగిన బరువు అని రెండు వేర్వేరు అంకెలు ఉండవచ్చును. మొదటిదానిని రెండవదిగా భ్రమపడరాదు. బలాన్ని కిలోన్యూటన్లలో తెలిపితే, 1 కిలోన్యూటన్ సుమారు 102 కిలోలు. కట్టులోని భాగాలలో అన్నిటికంటె బలహీనమైనదే మొత్తం కట్టు బలము. పర్వతారోహణకు తయారైన కొక్కెంపై దాని బలము ముద్రించి ఉంటుంది. తాళపుచెవులకు వాడే అలాంటి ఆకారపు కొక్కేలు మనిషి బరువుకు పనికిరావు.

సామగ్రి

పాలిస్టరు: తక్కువగా సాగుతుంది, తడిసినా బలము తగ్గదు. చెట్టుకు చుట్టే పట్టీలకు ఇది అనుకూలము.
నైలాను: గట్టిదే కాని సాగుతుంది, తడిస్తే కొంత బలము తగ్గుతుంది. రాత్రి కట్టిన పడక తెల్లవారేసరికి నేలకు దిగవచ్చును.
డైనీమా: సన్నగా, తేలికగా ఉండి అధిక బలము గలది. నున్నగా ఉండుటవలన సాధారణ ముడులు జారుతాయి.
సుతిలి, నులక, అంగడిలో దొరికే ప్లాస్టిక్ తాడు: బలము తెలియదు. ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసవుతుంది. వేసవిలో 45 డిగ్రీల వేడి చూసే ఈ ప్రాంతంలో ఏడాది పాటు ఆరుబయట ఉన్న తాడును నమ్మరాదు.

ఆధారం ఎంపిక

చెట్టు పచ్చిగా, నిటారుగా, కనీసం 20 సెంటీమీటర్ల అడ్డుకొలత కలిగి ఉండవలెను. ముదురు టేకు, నల్లమద్ది, ఇప్ప చెట్లు తగినవి. మునగ పెళుసైనది, బూరుగ మెత్తనిది కనుక పనికిరావు. తాటిచెట్టు గట్టిదే అయినా పైనుండి ఎండు మట్టలు, కాయలు, కల్లు లొట్లు పడే ప్రమాదమున్నది. బెరడు ఒరుసుకుపోకుండా 2.5 నుండి 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీనే చుట్టవలెను. సన్నని తాడు బెరడులోకి కోసుకొనిపోతుంది.

ఇంటివద్ద కట్టేవారు చెదలు పట్టిన దూలాలను, ఇటుక స్తంభాలను, పిట్టగోడలను వాడరాదు. 30 డిగ్రీల వద్ద కూడా 100 కిలోల మనిషి స్తంభాన్ని సుమారు 87 కిలోల బలంతో పక్కకు లాగుతాడు. ఇటుక కట్టడము పైనుండి పడే బరువును మోయగలదు గాని పక్కకు లాగితే కూలవచ్చును. అప్పుడది పడకలోని వ్యక్తి మీదనే పడుతుంది.

జాగ్రత్తలు

మనిషి కూర్చున్నప్పుడు పడక నేలకు కుర్చీ ఎత్తున, సుమారు 45 సెంటీమీటర్లు ఉండవలెను. కుంటాల వంటి జలపాతాల వద్ద నేల రాతిమయము కనుక బండరాళ్ళపైన, నీటి అంచున కట్టరాదు. ప్రతిసారి ముందు చేతులతో అదిమి, తరువాత నెమ్మదిగా కూర్చొని, ఆ పిమ్మటనే పడుకోవలెను. నూలు లేచిన పట్టీని మార్చవలెను.

1965లో అభయారణ్యంగా, 2012లో పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటింపబడిన కవ్వాల్ అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా విడిది చేయరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇందుకు వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

తొట్టెల
టేకు
కవ్వాల్ అభయారణ్యం
కుంటాల జలపాతం