గిటారు ట్యూనర్ రంధ్రాల జిగ్

గిటారు ట్యూనర్ రంధ్రాల జిగ్ అనేది గిటారు మెడ చివరనున్న తలభాగంలో, అనగా హెడ్‌స్టాక్‌లో, తీగలను శ్రుతి చేసే ట్యూనర్లను అమర్చడానికి కావలసిన రంధ్రాలను సరైన చోట, సరైన కోణంలో తొలవడానికి ఉపయోగించే పరికరం. చెక్కను కదలకుండా పట్టి ఉంచి, పనిముట్టుకు దారి చూపే సాధనాన్ని వడ్రంగంలోనూ లోహపు పనిలోనూ జిగ్ అంటారు. ఒకసారి జాగ్రత్తగా తీసుకున్న కొలతను మళ్ళీ మళ్ళీ కొలవనవసరం లేకుండా ప్రతి వాద్యం మీదా అదే విధంగా దింపడం దీని ప్రయోజనం.

నేపథ్యం

వీణ బిరడాలు ఒక కొసకు క్రమంగా సన్నబడుతూ ఉంటాయి. ప్రతి బిరడానూ దాని రంధ్రానికి విడిగా అరగదీసి సరిపెడతారు. అది ఒరిపిడి బలం మీదనే నిలుస్తుంది. కనుక ఒక రంధ్రం స్వల్పంగా పక్కకు జరిగినా మిగిలిన బిరడాలకు ఇబ్బంది ఉండదు. పూర్వం గిటారుకు కూడా ఇటువంటి కొయ్య బిరడాలే ఉండేవి. 19వ శతాబ్దంలో పళ్ళచక్రాల ట్యూనర్లు వ్యాప్తిలోకి వచ్చాయి. వీటిలో మరచుట్టు గల చిన్న కడ్డీ ఒక పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పిడిని 14 నుండి 18 సార్లు త్రిప్పితే తీగ చుట్టుకునే కడ్డీ ఒక్కసారి తిరగడం సాధారణం. అందువలన శ్రుతిని సూక్ష్మంగా సవరించవచ్చు. అయితే ఈ ట్యూనర్లు ముందే తయారైన లోహపు భాగాలు. వాటిని చెక్కకు తగినట్లు మార్చడం సాధ్యం కాదు, చెక్కే వాటికి ఒదగాలి. జిగ్ అవసరం ఇక్కడి నుండే మొదలైంది.

హెడ్‌స్టాక్ రకాలు

రంధ్రాలు తొలిచే దిశను బట్టి హెడ్‌స్టాక్‌లు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది క్లాసికల్ గిటారులలో కనిపించే గాడుల హెడ్‌స్టాక్. దీనిలో నిలువుగా రెండు పొడవైన గాడులు ఉంటాయి. తీగలు చుట్టుకునే రోలర్లు ప్రక్క నుండి లోపలికి వెళ్ళి, గాడిని దాటి, మధ్యనున్న చెక్కలో కొస ఆనించి నిలుస్తాయి. ఒక ప్రక్కనున్న మూడు రోలర్లూ ఒకే లోహపు పట్టీకి బిగించబడి ఉంటాయి. రోలరుకూ రోలరుకూ మధ్య దూరం సాధారణంగా 35 మి.మీ., రోలరు వ్యాసం సుమారు 10 మి.మీ.

రెండవది గాడులు లేని నిండు హెడ్‌స్టాక్. ఉక్కు తీగల గిటారులలో, ఎలక్ట్రిక్ గిటారులలో ఇది ఎక్కువ. రంధ్రాలు ముందు నుండి వెనుకకు పోతాయి. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్ గిటారులో ట్యూనర్లు ప్రక్కకు మూడు చొప్పున ఉంటాయి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఆరూ ఒకే వరుసలో ఉంటాయి. మూతగల ఆధునిక ట్యూనర్లలో అనేకం 10 మి.మీ. రంధ్రాన్ని కోరుతాయి. పాత క్లూసన్ తరహా ట్యూనర్ల బుష్‌లకు సుమారు 8.7 మి.మీ. సరిపోతుంది.

ఆవశ్యకత

ట్యూనర్ రంధ్రాలలో వచ్చే దోషాలు ముఖ్యంగా రెండు.

దూర దోషం: ప్రతి రంధ్రాన్నీ దాని ముందున్న రంధ్రం నుండి కొలిస్తే చిన్న పొరపాట్లు కూడుకుంటూ పోతాయి. ఆరు ట్యూనర్ల వరుసలో ఐదు ఖాళీలు ఉంటాయి. ఒక్కొక్క ఖాళీలో 0.3 మి.మీ. చొప్పున ఒకే వైపు తప్పితే, ఆరవ రంధ్రం 1.5 మి.మీ. పక్కకు పోతుంది. అన్నిటినీ ఒకే మూలబిందువు నుండి కొలిస్తే ఈ కూడిక ఉండదు. జిగ్‌లో దూరాలన్నీ ముందే స్థిరపడి ఉంటాయి.

కోణ దోషం: డ్రిల్లు ఒక్క డిగ్రీ వంగితే, 35 మి.మీ. లోతుకు చేరేసరికి బిట్టు కొన సుమారు 0.6 మి.మీ. పక్కకు జరుగుతుంది. ఆ లోతులోనే రోలరు కొస ఆనుకోవాలి.

విడి ట్యూనర్లలో ఇటువంటి దోషం చాలావరకు కంటికి కనిపించే వంకరగా మిగిలిపోతుంది. మూడు రోలర్లు ఒకే పట్టీ మీద ఉన్నప్పుడు మాత్రం ఒక రంధ్రం తప్పినా రోలరు చెక్కకు ఒరుసుకుని బిగుసుకుంటుంది. పిడి బరువుగా తిరుగుతుంది, పళ్ళు అరుగుతాయి, తీగ శ్రుతి సాఫీగా కాక కుదుపులతో మారుతుంది. చాలాసార్లు వాయించేవారు ట్యూనర్ నాసిరకమని భావిస్తారు. నిజానికి లోపం రంధ్రంలో ఉండవచ్చు.

నిర్మాణం

జిగ్ దేహాన్ని గట్టి చెక్కతో గాని, అల్యూమినియంతో గాని, ఉక్కుతో గాని చేస్తారు. దానిలో కావలసిన దూరాలలో గట్టిపరచిన ఉక్కు బుష్‌లను దిగగొడతారు. బుష్ లోపలి వ్యాసం బిట్టు వ్యాసానికి సరిగ్గా సరిపోవాలి. బుష్ పొడవుగా ఉంటే బిట్టు వంగే అవకాశం తగ్గుతుంది. ఒట్టి చెక్కలో రంధ్రం చేసి వాడితే అది త్వరగా అరిగి వెడల్పవుతుంది. హెడ్‌స్టాక్ ముఖం ఆనడానికి ఒక అంచు పలక, బిగించడానికి క్లాంపు లేదా మరలు, స్థానం నిలపడానికి ఒక ఉక్కు కడ్డీ ఇందులోని ఇతర భాగాలు.

ఉపయోగించే విధానం

క్లాసికల్ గిటారుకు చాలామంది గాడులు కోయకముందే రోలరు రంధ్రాలు తొలుస్తారు. ముందుగా హెడ్‌స్టాక్ ప్రక్కతలాన్ని చదును చేసి మూలమట్టంతో సరిచూస్తారు. పట్టీ ఆ తలం మీదనే కూర్చుంటుంది గనుక రంధ్రాలు దానికి లంబంగా ఉండాలి. జిగ్‌ను గుర్తుకు చేర్చి బిగించి మొదటి రంధ్రం తొలుస్తారు. జిగ్ జరగకుండా ఆ రంధ్రంలోకి ఉక్కు కడ్డీని దింపి, తరువాత మిగిలిన రెండూ తొలుస్తారు. లోతును తెలుసుకోవడానికి బిట్టుకు పట్టీ చుట్టడం గాని, అడ్డు కంకణం బిగించడం గాని చేస్తారు.

నిండు హెడ్‌స్టాక్‌లో బిట్టు వెనుకకు వెలువడే చోట చెక్క పెచ్చులుగా లేస్తుంది. దీనిని నివారించడానికి వెనుక ఒక పనికిరాని చెక్కను గట్టిగా ఆనించి బిగిస్తారు. మధ్యలో మొనతోపాటు అంచున కోరలు గల బిట్టు చుట్టుకొలతను ముందే కోస్తుంది కనుక రంధ్రపు అంచు శుభ్రంగా వస్తుంది.

పాత రంధ్రాలను వెడల్పు చేయడం

పాత గిటారుకు కొత్త ట్యూనర్లు వేయునపుడు 8.7 మి.మీ. రంధ్రాన్ని 10 మి.మీ. చేయవలసి రావచ్చు. మధ్యలో చెక్క లేనందున బిట్టు మొనకు పట్టు దొరకదు. అది అంచును హఠాత్తుగా కరచి చెక్కను చీల్చే ప్రమాదముంది. చేతితో త్రిప్పే రీమరుతో కొద్దికొద్దిగా వెడల్పు చేయడం మేలు. పాతకాలపు విలువైన గిటారుకు ఈ మార్పు చేస్తే దాని విలువ తగ్గుతుంది. కనుక పాత రంధ్రానికే సరిపోయే ట్యూనర్లను వెతకడం మంచిది.

పరిమితులు

జిగ్ తన కొలతనే కాక తన తప్పును కూడా అంతే నమ్మకంగా ప్రతి గిటారు మీదా దింపుతుంది. అందుచేత కొత్త జిగ్‌తో మొదట వృథా చెక్క మీద తొలిచి, అసలు ట్యూనర్లను అందులో కూర్చి త్రిప్పి చూస్తారు. ట్యూనర్లు చేతికి రాకముందు రంధ్రాలు తొలవకపోవడం మంచి పద్ధతి. తయారీదారును బట్టి దూరాలు మారవచ్చు, 39 మి.మీ. దూరం గల పట్టీలు కూడా ఉన్నాయి.

తప్పిన రంధ్రాన్ని అదే జాతి చెక్కతో చేసిన గుండ్రని ముక్కను జిగురుతో దింపి పూడ్చి, మరల తొలవవచ్చు. కాని మెడ పని చాలావరకు పూర్తయిన తరువాత జరిగే ఈ మరమ్మతు గుర్తు చెక్క మీద కనిపిస్తూనే ఉంటుంది.