ద్రాక్షారిష్టాన్ని ఇంటిలో భద్రపరచే విధానం

ఔషధాన్ని చేయడం ఎంత ముఖ్యమో, చెడకుండా దాచడమూ అంతే ముఖ్యం. ఈ సత్యం నాకు గురుకులంలో బోధపడింది.

ద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పుష్పాలు చేర్చి, నేయి పూసిన కుండలో పోసి, మూతకు చీలమన్ను చేసి వడ్లరాశిలో ఉంచాము. చీలమన్నులో సన్నని పగులు కనిపించినా నేను ఉపేక్షించాను. నెల గడచి మూత తీయగా ఘాటైన పులుపు వాసన! దగ్గు రోగుల కొరకు చేసిన మందు అది. గురువుగారు నన్ను దండించలేదు; వచ్చిన రోగులకు నన్నే సమాధానం చెప్పమన్నారు.

గాలి సోకితే అరిష్టంలోని మద్యాంశం సూక్ష్మజీవుల వలన ఆమ్లంగా మారుతుంది. ఐరోపావారు ద్రాక్షసారాను 12, 13 డిగ్రీల సెల్సియస్ ఉండే చీకటి నేలమాళిగలలో దాచుతారు. మన వడ్లరాశి సూత్రమూ అదే: చీకటి, నిలకడైన ఉష్ణం.

ఇంటిలో పాటించవలసినవి:

1. పొయ్యికి, కిటికీకి దూరంగా, చల్లని గోడ అలమరలో క్రింది అరలో ఉంచండి.
2. ద్రాక్షసారా సీసాను బెండు బిరడా ఎండకుండా పడుకోబెడతారు. మరమూత గల అరిష్టం సీసాను నిలువుగా ఉంచండి.
3. పోసుకున్న వెంటనే మూత బిగించండి. చెమ్మ చెంచాను, ఎంగిలి పాత్రను తగలనీయకండి.
4. అడుగున మడ్డి సహజమే. ఘాటైన పులుపు వాసన వచ్చినా, బూజు పట్టినా పారబోయండి.

ఇందులో బెల్లం, మద్యాంశం ఉన్నందున మధుమేహ రోగులు, గర్భిణులు వైద్యుని అడుగక సేవించరాదు. మూత విషయంలో నావంటి ఉపేక్ష మీరు చేయకండి.