గొంతు బాగుంటేనే సంగీతం నేర్చుకోవాలా? ఖుర్సీపార్ తెలుగువారి సందేహాలకు సమాధానాలు

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. కర్మాగారం పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు అనేకం ఖుర్సీపార్‌లో స్థిరపడ్డాయి. ఆ కుటుంబాల నేటి పిల్లలలో పలువురు ఇంట్లో తెలుగు మాట్లాడినా, బడిలో చదివేది హిందీ లేదా ఆంగ్లం. వారిని సంగీత శిక్షణలో చేర్చాలనుకునే తల్లిదండ్రులకు కలిగే సందేహాలు సంగీతంతోనే ముగియవు, భాష దాకా వెళతాయి.

గొంతు బాగాలేనివారు నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. సంగీతానికి మొదట కావలసింది మధురమైన గొంతు కాదు, వినే చెవి. తంబురా లేదా శ్రుతిపెట్టె మోగుతుండగా షడ్జమాన్ని విని, అదే స్థాయిలో పలకడం తొలి పరీక్ష. మొదటి రోజున శ్రుతి కలవనంత మాత్రాన అర్హత లేదనుకోరాదు. శ్రద్ధగా వింటూ సాధన చేస్తే చాలామందికి కొన్ని వారాలలోనే మార్పు కనిపిస్తుంది.

ఏ వయసులో ప్రారంభించాలి?

ఆరేడేళ్ల పిల్లలు పాఠాన్ని సులభంగా అనుకరించగలరు. పెద్దవారికి వయోపరిమితి లేదు. వారు నిదానంగా నేర్చినా, అర్థం చేసుకుని నేర్చుకుంటారు. మగపిల్లలకు సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య గొంతు మారుతుంది. ఆ దశలో సాధన మానవలసిన పని లేదు. శ్రుతి తగ్గించి, పై స్థాయి స్వరాలను బలవంతంగా పలకకుండా ఉంటే చాలు.

కర్ణాటక సంగీతమా, హిందుస్థానీ సంగీతమా?

ఛత్తీస్‌గఢ్‌లో సులభంగా లభించేది హిందుస్థానీ శిక్షణ. ఖైరాగఢ్‌లోని ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం 1956 నుంచి ఈ విద్యకు కేంద్రంగా ఉంది. ఒక పద్ధతిలో నేర్చిన స్వరజ్ఞానం మరొక పద్ధతిలో వృథా కాదు. పురందరదాసు ఏర్పరచినట్లుగా చెప్పే సరళీ స్వరాలను కర్ణాటక విద్యార్థి మాయామాళవగౌళ రాగంలో అభ్యసిస్తాడు. అవే స్వరస్థానాలు హిందుస్థానీలో భైరవ్ థాట్‌గా ఉన్నాయి. శంకరాభరణ స్వరాలు బిలావల్‌కు, కల్యాణి స్వరాలు కల్యాణ్ థాట్‌కు సరిపోతాయి. గమకం, రాగవిస్తరణ, తాళపద్ధతి మాత్రం వేరు. కనుక దగ్గరలో ఉన్న మంచి గురువును ఎంచుకుని, కనీసం రెండేళ్లు ఒకే పద్ధతిలో నేర్చుకోవడం మేలు.

కర్ణాటక గురువు దగ్గరలో లేకపోతే ఫోను ద్వారా పాఠాలు చెప్పించుకునే వీలుంది. అయితే ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురుశిష్యులు కలిసి పాడడం కుదరదు. గురువు పాడి ఆపిన తరువాత శిష్యుడు పాడాలి.

సాధన ఎప్పుడు, ఎంతసేపు?

వారానికోసారి రెండు గంటలకన్నా ప్రతిదినం ఇరవై నిమిషాలు మేలు. ఉక్కు కర్మాగారంలో మూడు షిఫ్టులు నడుస్తాయి. రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించే వారున్న ఇంట్లో గొంతెత్తి పాడడం ఇబ్బందే. అప్పుడు పెదవులు మూసి మంద్రస్థాయిలో మెల్లగా స్వరాన్ని నిలపడం, తాళం వేస్తూ పాఠాన్ని మనసులో వల్లించడం కూడా సాధనే. యంత్రాల హోరులో రోజంతా అరిచి మాట్లాడేవారు గొంతుకు కొంత విశ్రాంతినిచ్చాకనే పాడాలి.

గొంతు నొప్పి పుడితే?

సరైన సాధనలో నొప్పి ఉండదు. నొప్పి పుడితే శ్రుతి ఎక్కువైందేమో గురువును అడగాలి. సాధారణంగా పురుషులకు ఒకటి, రెండు శ్రుతుల ప్రాంతం, స్త్రీలకు ఐదు, ఐదున్నర ప్రాంతం అనువుగా ఉంటాయి. ఇది సూచన మాత్రమే, నియమం కాదు. రెండు మూడు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి.

తెలుగు చదవడం రాని పిల్లలు తెలుగు పాటలు పాడగలరా?

పాడగలరు. త్యాగరాజస్వామి (1767–1847) తమిళదేశంలోని తిరువయ్యారులో నివసిస్తూ తెలుగులో కీర్తనలు రచించారు. తెలుగు రాని విద్యార్థులెందరో వాటిని తమ లిపిలో రాసుకుని నేటికీ నేర్చుకుంటున్నారు. ఖుర్సీపార్ పిల్లలు కూడా మొదట దేవనాగరిలో రాసుకోవచ్చు. అయితే హిందీ రాతలో ఎ–ఏ, ఒ–ఓ భేదం కనిపించదు. హ్రస్వం దీర్ఘమైతే మాట మారడమే కాక తాళం కూడా తప్పవచ్చు. ‘ళ’ను ‘ల’గా పలకడం మరో పొరపాటు. కాబట్టి పాటను స్వరపరచే ముందు ఇంట్లోని అమ్మమ్మ, తాతయ్యల చేత సాహిత్యాన్ని చదివించి, అర్థం చెప్పించుకుని, ఉచ్చారణ దిద్దించుకోవాలి. స్వరం గురువు దిద్దుతారు. హిందీ మాతృభాషగా గల గురువుకు తెలుగు మాట దిద్దడం సాధ్యం కాకపోవచ్చు. ఆ పని ఇంటి పెద్దలదే.